ఫ్రిజ్‌లో పెట్టిన ఖాళీ డబ్బా

ఆ డబ్బా నేను పారేయలేదు. బీరువాలో, పెన్షన్ కాగితాల పక్కన, రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. మా ఆవిడ రెండుసార్లు దాన్ని చెత్తబుట్టలో వేసింది. రెండుసార్లూ తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను. ఆకుపచ్చ అట్ట. దాని మీద నవ్వుతున్న పొట్ట బొమ్మ ఒకటి. పొట్టకి కళ్ళూ నోరూ కూడా గీశారు. కింద లావుపాటి ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కో గుళికలో వెయ్యి కోట్ల బతికున్న మంచి సూక్ష్మజీవులు ఉన్నాయని రాసి ఉంది. బతికున్న అన్న మాటని మిగతా మాటల కంటే పెద్దగా అచ్చువేశారు.

నేను ఆ మాట నమ్మాను. నమ్మినందుకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

నాకు అచ్చు మాట మీద అంత నమ్మకం ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్ళు నేను వ్యాగన్ల మీద రాశాను. రిపేరుకి వచ్చిన వ్యాగన్ బయటికి వెళ్ళేముందు దాని పక్కన తెల్లరంగుతో కొన్ని వివరాలు రాస్తారు: ఎక్కడ బాగుచేశారు, ఏ తేదీన చేశారు, మళ్ళీ ఎప్పటిలోగా వెనక్కి రావాలి. పల్చటి రేకులో అంకెలు కోసి ఉంటాయి. ఆ రేకుని వ్యాగన్‌కి ఆనించి కుంచెతో అద్దాలి. చూసేవాళ్ళకి అది పనిలా అనిపించదు. కానీ ఆ వ్యాగన్ ఏ ఊళ్ళో ఏ లైను మీద ఆగినా, అక్కడ నా మొహం ఎన్నడూ చూడని మనిషి ఒకడు ఆ అంకెలు చదివి, ఫరవాలేదు, పోనీ అంటాడు. అతనికి నేనెవరో తెలియదు. నేను అద్దిన రంగు మాత్రమే తెలుసు.

ఒకసారి మా సూపర్‌వైజర్, బ్రేకు పరీక్ష అవకుండానే ఒక వ్యాగన్ మీద తేదీ వేసెయ్యమన్నాడు. పరీక్ష అయ్యాక వేస్తానన్నాను. ఇరవైమంది ముందు ఆయన, "రంగు పూసేవాడివి, రంగు పూయి" అన్నాడు. నేను పూయలేదు. ఇంకొకడితో పూయించుకున్నాడు. ఆ వ్యాగన్‌కి ఏమైందో నాకు తెలియదు, బహుశా ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన రిటైరయ్యేదాకా నేను ఆయనకి నమస్కారం పెట్టలేదు. ఆయన పోయినప్పుడు పన్నెండో రోజు భోజనానికి కబురొస్తే వెళ్ళలేదు. ఇది మరీ ఎక్కువని అన్నవాళ్ళున్నారు. ఎవరెవరన్నారో కూడా నాకు గుర్తుంది.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట, చైత్రం చివర్లో, మా ఆవిడకి టైఫాయిడ్ వచ్చింది. యాంటీబయోటిక్ ఒక కోర్సు సరిపోక రెండోది వేశారు. జ్వరం పోయింది గాని పొట్ట మాత్రం కుదుటపడలేదు. ఏం తిన్నా నిలవదు. గంటకోసారి గోడ పట్టుకుని నడిచి వెళ్ళి వచ్చేది. చేతి గాజులు మోచేయిదాకా జారుతున్నాయి. నలభై కిలోల మనిషి ఇంకెంత తగ్గుతుంది? తాల్‌బగీచాలో నేను రిటైరయ్యాక మేం కట్టుకున్న ఇల్లు రెండు గదులది. ఏ గదిలో ఉన్నా ఆవిడ మూలుగు వినిపించేది. ఆసుపత్రి డాక్టరు తలెత్తకుండానే, "ప్రోబయోటిక్ ఏదైనా ఇవ్వండి, పెరుగు పెట్టండి" అని చీటీ ముందుకు తోశాడు. ఏ ప్రోబయోటిక్ అని అడిగితే, మంచిది ఏదైనా అన్నాడు. నా వెనక చాలా మంది నిలబడి ఉన్నారు.

ఖరిదా బజార్లో కొట్టు నడిపే ఆయన్ని నేను బావా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళ నాన్న కాకినాడ వైపు నుంచి వచ్చి, ఇక్కడి రైల్వే తెలుగువాళ్ళ కోసం చింతపండు, మినప్పప్పు, ఆవకాయ కారం అమ్మేవాడు. మా నాన్న ఆ కొట్లోనే సరుకులు తీసుకునేవాడు. బావా నేనూ తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు ఆయన కొట్లో పప్పుల పక్కన ఒక గాజు అలమర ఉంది. ప్రొటీన్ పొడులు, విటమిన్ డబ్బాలు, ఒంటికి బలమని చెప్పేవన్నీ అందులో ఉంటాయి. చీటీ చూపించాను.

"ఏటిది బావా, ప్రోబయోటిక్ అంటే?"

"పొట్టకి మంచి పురుగులు బావా. ఆ మందు సెడ్డవాట్ని సంపుతా మంచివాట్ని కూడా సంపీసింది గదా. మళ్ళీ పొయ్యాల."

"మా ఇంట్లో పెరుగుంది గదా."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "మీ పెరుగులో ఎన్నున్నాయో ఎవరు లెక్కెట్టినారు? ఉన్నాయో సచ్చినాయో ఎవరికి తెల్సు? దీని మీద సూడు, రాసుంది. ల్యాబ్‌లో లెక్కెట్టిన సరుకు. నువ్వు రాత నమ్మే మనిషివి."

"సల్లగా ఉంచాలేమో?"

"ఫ్రిజ్‌లోనే ఉంది, అదిగో."

కొట్టు ముందు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది. అద్దం తలుపు వెనక, సీసాల మధ్య, ఆ ఆకుపచ్చ డబ్బా నవ్వుతూ నిలబడి ఉంది. బావ కొట్టు లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫ్రిజ్ ఎదురుగా ఉండగా లోపలి నుంచి ఎందుకు తెచ్చాడన్నది ఆ రోజు నాకు తట్టలేదు. యాభై ఏళ్ళుగా బావా అని పిలిచే మనిషి చేతిలోని వస్తువుని ఎక్కడి నుంచి తెచ్చావని ఎవరడుగుతారు? బిల్లు కూడా అడగలేదు. మా తెలుగువాళ్ళలో ఇక్కడ మనవాడి కొట్లో బిల్లు అడిగితే, నిన్ను నమ్మనని మొహం మీద అన్నట్టే.

ఇంటికొచ్చి నేను చేసిన పనిని ఎవరి మీదికీ నెట్టలేను.

మా ఇంట్లో ఒక తోడు ఉండేది. మా అమ్మ పెళ్ళయ్యాక, శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి నాన్న క్వార్టర్‌కి వస్తూ, చిన్న మట్టి ముంతలో పెరుగు పోసి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. ఆ పెరుగే మర్నాడు పాలలో తోడైంది, ఆ పాలు పెరుగై మళ్ళీ తోడైంది. అమ్మ చేతి నుంచి మా ఆవిడ చేతికి వచ్చింది. ఒక్క రోజు కూడా తెగలేదని మా ఇంట్లో చెప్పుకుంటాం. నిజంగా తెగిందో లేదో నేను కాపలా కాయలేదు కాబట్టి దానికి పూచీ పడను. క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మాత్రం సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని, "వదినా, తోడుందా?" అంటూ గుమ్మంలో ఉండేవారు. సాయంత్రమంటే దీపం పెట్టకముందు. దీపం పెట్టాక తోడు గడప దాటకూడదు. ఇంట్లోని పాడి బయటికి పోతుందంటారు.

మా ఆవిడ మంచం పట్టాక వంటింట్లో నేనే ఉన్నాను. ఆ రోజు గూట్లో పెరుగు గిన్నె చూశాను. అడుగున నాలుగు చెంచాల పెరుగు, పైన కొంచెం నీరు. లెక్క లేని పురుగులు, ఉన్నాయో చచ్చాయో తెలియనివి అన్న బావ మాట చెవుల్లో ఉంది. రోగి ఉన్న ఇల్లు కదా అని, ఆ గిన్నెని సబ్బుపొడితో తోమి, వేడినీళ్ళు పోసి, బోర్లించాను.

మా ఆవిడ మంచం మీద నుంచి గిన్నె చప్పుడు విన్నది.

"తోడు తీసినావా?"

"అక్కర్లేదు. ఇందులో వెయ్యి కోట్లున్నాయి" అని డబ్బా చూపించాను.

ఆవిడ డబ్బా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నీరసం అనుకున్నాను.

గడియారం చూసుకుని పొద్దునొకటి, సాయంత్రమొకటి గుళిక ఇచ్చాను. ఒక్కటి కూడా తప్పలేదు. కాగితం మీద గీతలు గీసుకున్నాను. మొదటి డబ్బా అయింది, రెండోది అయింది. గోడ పట్టుకుని నడవడం ఆగలేదు. గంజి కూడా సగం గ్లాసు దాటేది కాదు. ఆవిడ ఒక్కటే అడిగేది: "కాసింత పెరుగన్నం ఎట్టవా? నా పెరుగుతో." పాలప్యాకెట్టు కంపెనీవాళ్ళ కప్పు పెరుగు తెచ్చాను. నాలిక మీద పెట్టుకుని, కప్పు పక్కన పెట్టేసింది. బెంగాలీ మిఠాయి కొట్లో పుల్లపెరుగు మట్టి మూకుడులో తెచ్చాను. "ఇది సున్నం నాగుంది" అంది. నిజానికి అది మంచి పెరుగే. అది నేనే తిన్నాను.

మూడో డబ్బా కోసం వెళ్ళిన మధ్యాహ్నం కరెంటు లేదు. జ్యేష్ఠమాసపు ఎండ. ఖరిదా రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. బావ ఒక బెంగాలీ ఆవిడకి కందిపప్పు తూస్తున్నాడు. నన్ను చూసి, త్రాసు మీద నుంచి కళ్ళు తియ్యకుండా, "అదేనా బావా? స్టూలెక్కి తీసుకో. అటక మీద కార్టనుంది" అన్నాడు.

"అటక మీదా?"

తూకంలో ఉన్న చెయ్యి ఆగింది. నేను ఫ్రిజ్ తలుపు తీశాను. కరెంటు లేకపోయినా ఇంకా కొంచెం చల్లదనం ఉంది. సీసాల మధ్య నుంచి ఆకుపచ్చ డబ్బా తీశాను. చేతిలో బరువు తెలియలేదు. మూత విప్పాను. లోపల ఏమీ లేదు.

"కీ హొలో దాదా?" అని ఆ బెంగాలీ ఆవిడ నన్నడిగింది, ఏమైందని. ఖాళీ డబ్బా ఆవిడ వైపు తిప్పి చూపించాను. ఆవిడ బావ వైపు, ఆ తర్వాత త్రాసులో ఉన్న పప్పు వైపు చూసి, "దాదా, ఆ పప్పు మళ్ళీ తూచు" అంది. నాకు నవ్వు రాలేదు.

నేను స్టూలెక్కాను. ఆ కొట్టు పైకప్పు రేకులది. అటకకీ రేకుకీ మధ్య ఒక మూరెడు ఖాళీ. కార్టన్ మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టుంది. ఒక డబ్బా తెరిచి, మందు రేకులోంచి గుళిక నొక్కితే బయటికి రాలేదు, వంగింది. అట్ట వెనక చిన్న అక్షరాలతో, ఇరవై అయిదు డిగ్రీల లోపు, చల్లని పొడి చోట ఉంచాలని రాసి ఉంది. అలా రాసి ఉన్నదాన్నే, ఈ అటక మీద ఉడికినదాన్ని, రెండు డబ్బాలు నేను లెక్కపెట్టి మరీ ఆవిడ చేత మింగించాను.

"బావా, ఫ్రిజ్‌లో ఉందన్నావు."

"అది డిస్‌ప్లే. సేల్స్‌మనే అలాగెట్టమన్నాడు."

"నాతో అబద్ధమాడినావు."

"అబద్ధమేటి? ఫ్రిజ్‌లో ఉందన్నాను, సూపించినాను. దాంట్లోదే నీకిచ్చినానని అన్నానా?" తర్వాత గొంతు తగ్గించాడు. "అందరూ ఇలాగే ఎడతారు బావా. ఖరిదాలో ఏ కొట్లో ఏసీ ఉంది సెప్పు? కలకత్తా నుంచి లారీలో వచ్చినప్పుడు ఎండ తగల్లేదేటి? కంపెనీవోడు రాసుకుంటాడు, మనం అమ్ముకుంటాం. దీనికింత రభస దేనికి? పొట్టే గదా, తగ్గిపోద్ది."

పొట్టే గదా అన్న ఆ మాటకి ఫ్రిజ్ తలుపు వేసి, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, "ఇంక నీ గడప తొక్కను" అని వచ్చేశాను.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి అట్ట మొత్తం చదివాను. వెయ్యి కోట్ల పక్కన ఒక చుక్క గుర్తు. ఆ చుక్క కోసం వెతికితే, అంచు మడత లోపల, చీమల బారులాంటి అక్షరాల్లో, తయారైన సమయానికి అని ఉంది. అంటే ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు అన్ని ఉన్నాయని. నోట్లో వేసుకునేటప్పుడు ఎన్నుంటాయో వాళ్ళు రాయలేదు. అట్ట మీదున్న నంబరుకి ఫోను చేశాను. ఒక అమ్మాయి హిందీలో చాలా మర్యాదగా, అవును సర్, ఆ సంఖ్య తయారీ నాటిది, నిలవ ఎలా పెడతారన్నది దుకాణాన్ని బట్టి ఉంటుంది అంది.

"అమ్మా, నేను వ్యాగన్ మీద తేదీ వేస్తే, రంగు ఆరేదాకా మాత్రమే అది నిజమని కాదు" అన్నాను.

"జీ సర్?" అంది.

ఇంకో సాక్ష్యం కూడా నా దగ్గర ఉందనుకున్నాను. అటక మీద నొక్కి చూసిన మందు రేకు నా జేబులోనే వచ్చేసింది. సాయంత్రం గోరువెచ్చటి పాలలో అందులోని ఆరు గుళికలు విప్పి పోసి, మూతపెట్టి, పొద్దున్న చూశాను. పాలు పాలలాగే ఉన్నాయి. బతికి ఉంటే తోడుకోవా? ఆ నంబరుకే మళ్ళీ ఫోను చేసి, ఈ మాట విజయగర్వంతో ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ఎవరినో అడిగి వచ్చి, సర్, ఇందులోవి పాలను తోడుపెట్టే రకం కావు, బతికున్నా తోడుకోదు అంది. నేను ఫోను పెట్టేశాను. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఆ గుళికలు బతికున్నాయో చచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. వెయ్యి కోట్లని అట్ట మీద అచ్చేసినవాడికీ తెలియదు. అచ్చులో మాత్రం బతికున్న అని లావుగా ఉంది.

మేదినీపూర్‌లోని జిల్లా వినియోగదారుల ఆఫీసుకి ఫిర్యాదు రాశాను. కంపెనీ పేరు, కొట్టు పేరు, అటక, ఎండ, ఖాళీ డబ్బా అన్నీ రాసి నాలుగు పేజీలు పంపించాను. సీలు తీయని డబ్బా, కొన్న బిల్లు జతచేయండని జవాబొచ్చింది. కొన్న డబ్బాలన్నీ మా ఆవిడ పొట్టలోకి పోయాయి. బిల్లు ఎందుకు లేదో ఇందాకే చెప్పాను. యాభై ఏళ్ళ నమ్మకం జతచేస్తామంటే వాళ్ళు తీసుకోరు.

ఆ కాగితం చదువుతూ కూర్చుంటే, మంచం మీద నుంచి మా ఆవిడ పిలిచింది. గొంతులో ఓపిక లేదు గాని మాట స్పష్టంగానే ఉంది.

"నా తోడు సుభాష్‌పల్లి వదిన కాడ ఉంది. ఎల్లి తే."

సుభాష్‌పల్లి వదిన అంటే ఆ బావ భార్యే. ఏళ్ళ తరబడి, వాళ్ళింట్లో పెరుగు చెడినప్పుడల్లా మా తోడే పట్టుకెళ్ళేది.

"వాడి గడప తొక్కనని సెప్పినాను."

"నువ్వు సెప్పినావు. నేను సెప్పనేదు గదా."

"ఇంకెవరి దగ్గరైనా..."

"ఎవరున్నారు? క్వార్టర్సోళ్ళు రిటైరై వైజాగ్ ఎల్లిపోయినారు. మిగిలినోళ్ళు ప్యాకెట్టు పెరుగు తింటన్నారు. నువ్వు తోమీసినావు, నువ్వే తే."

తొమ్మిది రోజులు నేను వెళ్ళలేదు. ఆ తొమ్మిది రోజులూ తాల్‌బగీచాలో తెలిసిన ప్రతి తెలుగింటి తలుపూ తట్టాను. ఒకావిడ మా తోడు పదేళ్ళ కిందటే పోయిందంది. ఇంకొకావిడ, అన్నయ్యా, ఇప్పుడు ఇంట్లో పెరుగెవరు తోడెడతారు అంది. మా ఆవిడ తొమ్మిదో రోజు మంచం మీద లేచి కూర్చోబోయి, కూర్చోలేక, దుప్పటి పట్టుకుని అలాగే ఒరిగిపోయింది. అప్పుడు మూతున్న చిన్న స్టీలు డబ్బా తీసుకుని సైకిలెక్కాను.

సుభాష్‌పల్లిలో వాళ్ళ వీధికి వెళ్ళేసరికి ఇంకా పొద్దుంది. గేటు ముందు నుంచి ఒకసారి వెళ్ళాను. బావ కొట్లో ఉంటాడు, ఇంట్లో ఆవిడొక్కతే ఉంటుందని తెలుసు. అయినా కాలు దిగలేదు. చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఏమని అడగాలో, ఎక్కడ నిలబడి అడగాలో, గడప తొక్కకుండా బయటి నుంచే అడిగితే మాట నిలబడుతుందా అనీ ఆలోచిస్తూ ఇంకో రెండుసార్లు తిరిగాను. చివరికి సైకిలు ఆపి, గేటు లోపలికి వెళ్ళి, మెట్టు కిందే నిలబడి పిలిచాను.

"చెల్లెమ్మా."

ఆవిడ తులసికోట దగ్గర నుంచి లేచి వచ్చింది. కోటలో వత్తి అప్పుడే వెలిగింది. నా చేతిలో డబ్బా చూసి అర్థం చేసుకుంది.

"తోడుకొచ్చినావా అన్నయ్యా? ఇప్పుడే దీపమెట్టినాను. దీపమెట్టాక తోడు గడప దాటకూడదు. నీకు తెల్సును గదా."

"తెల్సు."

"మరి అంతసేపు సైకిలేసుకుని వీధిలో నాలుగు చుట్లు తిరిగినావేటి? కిటికీలోంచి సూస్తానే ఉన్నాను. పోలీసోడు గస్తీ తిరుగుతన్నాడనుకున్నాను. మొదటి చుట్టులోనే దిగుంటే ఇచ్చీసేదాన్ని గదా."

డబ్బా మూత తీసి, మళ్ళీ బిగించాను.

"వదినకెలాగుంది?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ దీపం వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. ఒక్క క్షణం, ఇచ్చేస్తుందనుకున్నాను. "రేపు పొద్దున్నే రా అన్నయ్యా. తియ్యటి తోడిస్తాను" అంది.

ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చాను. ఈసారి ఖాళీ డబ్బా నాదే.

"ఇచ్చినాదా?" అంది మా ఆవిడ.

"దీపమెట్టీసింది."

ఎంతసేపు బయట తిరిగావని అడిగింది. నాలుగు చుట్లు అన్నాను. నెలన్నర తర్వాత ఆవిడ నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పి పుట్టి, చెయ్యి పొట్ట మీద వేసుకుని మరీ నవ్వింది. "రేపు సైకిలు తిన్నగా గుమ్మం కాడికే తొక్కు" అంది.

తొక్కనన్న గడపని తొక్కడానికి మనిషి ఒకసారి మనసు గట్టి చేసుకోగలడు. రెండోసారి చేసుకోవడం వేరు. పొద్దున వర్క్‌షాప్ సైరన్ మోగే వేళకి అక్కడున్నాను. ఈసారి బావ ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పేపరు దించలేదు.

"మేదినీపూర్‌కి రాసినావట."

"రాసినాను."

"నా కొట్టు పేరు కూడా రాసినావా?"

"కొట్టు పేరు, అటక, ఫ్రిజ్‌లో డబ్బా, అన్నీ రాసినాను."

పేపరు దించాడు. "యాభై ఏళ్ళు బావా అని పిలిసి."

"యాభై ఏళ్ళు పిలిసినాను కాబట్టే ఫ్రిజ్ కాడ ఆగిపోయినాను. ఏరే వాడి కొట్టైతే లోపలికొచ్చి సూసుండేవాణ్ణి."

ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పాడు. మాట తడుముకుంటున్నాడనుకున్నాను. క్షమించమంటాడేమోనని కూడా అనుకున్నాను. ఆ మాట కోసం నా చెవులు ఎంత ఎదురుచూశాయో నాకే తెలుసు. "సరే గానీ, ఆ కంప్లైంటు ఎనక్కి తీసుకో బావా" అన్నాడు. "తోడేటి, రోజూ పాలు కూడా పంపిస్తాను."

లోపల గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడైంది. ఆవిడ కొంగు దోపుకుని అరుగు మీదికొచ్చింది.

"ఏటి మాటాడతన్నావు? తోడుకి బేరమెడతావా? అది నీ కొట్టు సరుకేటి? వదిన ఇంటి తోడది. ఆవిడకిస్తన్నాను, నువ్వేటి మధ్యన?" అని నా చేతిలో డబ్బా లాక్కుని లోపలికెళ్ళింది. నేను వెనకాలే వంటింటి గుమ్మందాకా వెళ్ళాను. గడప తొక్కానని అప్పుడు గుర్తు రాలేదు.

నేల మీద ఒక పళ్ళెంలో తడి ఇసక. దాని మీద మట్టి ముంత. ముంతకి చుట్టూ తడి గుడ్డ. ఆవిడ గుడ్డ విప్పి, మూకుడు తీసి, గట్టిగా తోడుకున్న పెరుగుని గరిటెతో కోసి నా డబ్బాలో వేసింది.

"ఈ ఎండల్లో చెడిపోకుండా ఎలాగుంచినావు చెల్లెమ్మా?" అన్నాను.

"రోజుకి మూడుసార్లు గుడ్డ తడుపుతాను అన్నయ్యా. ఫ్రిజ్‌లో ఎడితే బిగుసుకుపోద్దని వదినే సెప్పింది. ఏటి మరి, బతికున్నది గదా, సూసుకోవాల."

అరుగు మీద పేపరు తిరగేసిన చప్పుడైంది. నేను బయటికి వచ్చి, ఆయన ముందు నుంచే నడిచి, సైకిలెక్కాను. ఆయన తలెత్తలేదు.

పాలు తోడు పెట్టే పని మా ఆవిడ నన్ను చెయ్యనివ్వలేదు. స్టూలు వేసుకుని కూర్చుని, పాలలో చిటికెనవేలు ముంచి, ఇంకా వేడి, ఇంకా వేడి అంటూ ఆగి ఆగి, తనే తోడు కలిపింది. మొదటి రోజు నీళ్ళగా వచ్చింది. మూడో రోజు గరిటె నిలబడింది. మెత్తగా ఉడికించిన అన్నంలో కలిపి ఇచ్చాను. రెండు ముద్దలు తిని ఆగింది. కాసేపటికి ఇంకో రెండు అడిగింది.

ఆ పెరుగు వల్లే ఆవిడకి నయమైందని నేను రాయను. అదే వారంలో డాక్టరు మందు కూడా మార్చాడు. రోజులు గడిచాయి. ఏది ఎంత పని చేసిందో నేను పరీక్షించలేదు, పరీక్షించని దాని మీద తేదీ వెయ్యను. తిన్నది నిలిచిందని, గోడ పట్టుకోకుండా నడిచిందని, కార్తీకానికి గాజులు మణికట్టు దగ్గర ఆగాయని మాత్రం రాయగలను. ఇవి నేను చూశాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. రెండు నెలలకోసారి ఆ ఆఫీసుకి ఉత్తరం రాస్తాను, వాళ్ళు రెండు నెలలకోసారి బిల్లు అడుగుతారు. ఖరిదాలో ఎదురైతే బావా నేనూ రోడ్డుకి చెరోవైపు నడుస్తాం. ఆయన ఫ్రిజ్‌లో ఇప్పుడు ఆ డబ్బా లేదట, మా ఆవిడే చెప్పింది. అటక మీద ఏముందో చెప్పలేదు. ఆడవాళ్ళిద్దరికీ మా గొడవ పట్టదు. దీపం పెట్టకముందే ఒకరింటికొకరు గ్లాసు పట్టుకుని వెళ్ళొస్తూ ఉంటారు.

నేను అవమానాలు మర్చిపోనని ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఆవిడ గురించి అలా ఎవరూ అనరు. కానీ నేను పెరుగు గిన్నె పట్టుకుని కుళాయి వైపు నడిస్తే చాలు, ఏ గదిలో ఉన్నా, ఏ పనిలో ఉన్నా, ఆవిడ గొంతు వినిపిస్తుంది.

"ఆగు. తోడు తీసినావా?"

తీశానని చెప్పినా నమ్మదు. లేచి వచ్చి, గిన్నెలోకి చూసి, గూట్లో పక్కకి తీసిన గ్లాసు చూసి, అప్పుడు కడగమంటుంది. అంతదాకా నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడతాను.